రెండు అరచేతులూ

చేతులు. ఇవే చేతులు. కారు ఇలీ నది వంతెన ఎక్కుతున్నప్పుడు కూడా తోర్గిన్ వాటివంకే చూసుకుంటోంది. ఒళ్ళో, ఊలు తొడుగుల మీద, వెల్లకిలా పడి ఉన్నాయి, ఎవరో కార్లో మర్చిపోయి దిగిపోయినట్టు. ఇవి ఎవరు చెబితే లేచాయి? తను చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా రొట్టె విరిచింది, జడ వేసుకున్నది, లెక్కలు చేసింది ఈ చేతులతోనే. తను చెప్పందే ఏ పనీ చెయ్యవు. ఒక్క పని తప్ప. ఎక్కడ ఏ ముసలాయన అరచేతులు పైకెత్తి గొంతు సవరించుకున్నా ఇవి లేస్తాయి. పెళ్ళి విందులో, చావింట్లో, ప్రయాణానికి ముందు, గొర్రెని కోసేముందు, పరీక్ష రోజు పొద్దున గుమ్మం దగ్గర. బాతా. పెద్దవాళ్ళు దీవిస్తారు, చిన్నవాళ్ళు రెండు అరచేతులూ పట్టి అందుకుంటారు, చివర్లో ఆమీన్ అని మొహం తుడుచుకుంటారు. నడక రాకముందే అది వచ్చేస్తుంది. పాలు తాగే పిల్లల చేతుల్ని కూడా అమ్మలు పట్టుకుని పైకెత్తుతారు. ఆ పిల్లలకి అప్పటికి తమకి చేతులున్నాయని కూడా తెలీదు. సరే, విందులో లేస్తాయి, గుమ్మంలో లేస్తాయి. కానీ కాసినోలో, పేకాట బల్ల దగ్గర, ఆట మధ్యలో?

"వెనకాల అమ్మాయ్, తలుపు సరిగ్గా వేశావా? గాలికి ఊడి పడితే వెనక్కెళ్ళి ఏరుకునే ఓపిక నాకు లేదు" అన్నాడు షేర్ కారు డ్రైవర్ కైరొల్లా. ముందు సీట్లో కేకు పెట్టె ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ నవ్వింది. "నీ కారుకి ఊడేది తలుపొక్కటేనా తమ్ముడూ? పొద్దుట్నించీ నా కాళ్ళ కింద ఏదో గడగడమంటోంది." "అది నా గుండె అక్కా, నీ పక్కన కూర్చున్నాగా." "సిగ్గులేకపోతే సరి, మనవలున్నదాన్ని." తోర్గిన్ తలుపు తీసి మళ్ళీ వేసింది. "వేశాను" అంది. వాళ్ళ నవ్వులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. మళ్ళీ చెప్పలేదు. ఎప్పుడూ ఇంతే. ఒకసారి చెబుతుంది, వినపడకపోతే ఊరుకుంటుంది. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు కూడా ఇంతే, ఉన్నానంటే వినపడక సార్ లేదని రాసుకునేవాడు. అందుకే ఆమెకి పేకాట నచ్చింది. ఎవరికి చెప్పినా నమ్మరు గానీ అందుకే. అక్కడ మాట్లాడక్కర్లేదు. వేలితో బల్ల తడితే, ఇప్పటికి ఊరుకుంటున్నానని. పందెం బిళ్ళలు ముందుకు తోస్తే, ఉన్నానని. ముక్కలు తోసేస్తే, నేను లేనని. నోరు తెరవకుండా ఉన్నానని చెప్పగలిగే చోటు ఈ భూమ్మీద ఆమెకి అదొక్కటే దొరికింది.

నది మీద అంచుల్లో మంచు పేరుకుంది, మధ్యలో నల్లగా నీళ్ళు. వంతెన దాటాక కైరొల్లా కారాపి, పొగలో ఎండబెట్టిన చేపలు అమ్మే ముసలమ్మతో బేరానికి దిగాడు. కిటికీలోంచి పొగ వాసన, ఉప్పు వాసన. నాన్న లారీ వాసన. నాన్న ఇక్కడే ఆపేవాడు, చేపని కాగితంలో చుట్టించుకుని అద్దం ముందు పెట్టేవాడు. అద్దానికి ఎర్ర రంగేసిన గొర్రె ఎముక వేలాడుతుండేది. గొర్రె వెనక కాలి కీలులో ఉండే చిన్న ఎముక, పిల్లలు గోళీల్లా ఆడుకునేది, అసిక్. ఇప్పుడది తోర్గిన్ కోటు జేబులో ఉంది. కాదు, చేతిలో ఉంది. ఎప్పుడు తీసింది? ఇదీ అంతేనా, చెప్పకుండానే? బొటనవేలితో దాని గుంటని రుద్దుతోంది. పొద్దున కూడా ఇలాగే రుద్దుతూ ఉంది, సరిగ్గా ఆ ముక్కల దగ్గర. ఇది ముక్కల మీద ఉండాల్సింది. దాని పని అదే. రెండు ముక్కలు పంచగానే చూసుకోవడం, బోర్లించడం, పైన ఈ ఎముక పెట్టడం. ఎముక ఉంటే ఆ ముక్కలకి మనిషి ఉన్నట్టు. పంచే పిల్ల పొరపాటున కూడా ముట్టుకోదు. పోటీలో రెండు రోజులుగా అలాగే ఆడింది. నాలుగు బల్లలు రెండయ్యేదాకా, రెండు బల్లల మీద పదకొండు మంది మిగిలేదాకా. ఆ ఒక్కసారే ఎముక ముక్కల మీద లేదు. భయమేసి చేతిలోకి తీసుకుంది.

ఫోను మోగింది. అమ్మ. "ఎక్కడున్నావ్?" "కార్లో." "కార్లో అంటే?" అవతల గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లాడు బౌర్సాక్‌లు దొంగిలిస్తున్నాడు, అమ్మ వాణ్ణి అదిలించింది. నూనెలో వేయించిన ఆ పిండి ఉండల వాసన ఫోనులోంచే వచ్చినట్టనిపించింది. "వస్తున్నానమ్మా" అంది తోర్గిన్. అమ్మ ఏదో గిన్నె మీద మూత పెట్టింది. ఆ చప్పుడులో సంతోషం ఉందా, జాలి ఉందా? చివరికి "సరే, తోక కొవ్వు పొయ్యి మీద పెట్టేస్తున్నా" అని పెట్టేసింది. అంతే. అందులోనే అంతా ఉంది. గొర్రె తోక కొవ్వు, కాలేజం కలిపి ఒకే పళ్ళెంలో పెట్టేది వియ్యంకులకి మాత్రమే. తినేశాక ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. సారీ-ఓజెక్ నించి వాళ్ళు నాలుగింటికల్లా వస్తారు. తనని పెళ్ళికి అడుగుతున్న పశువుల డాక్టరు బగ్దాత్, వాళ్ళమ్మ, ఇద్దరు పెదనాన్నలు. ఊరి పెద్ద షెరిబెక్ తాత బాతా ఇస్తాడు. బగ్దాత్ వాళ్ళమ్మ తోర్గిన్ చెవులకి దిద్దులు పెడుతుంది, పిల్ల ఖాయమైనట్టు. వాళ్ళొచ్చేటప్పటికి తను ఊరి రోడ్డు మీద ఉంటుంది.

దీనికి అమ్మనేమీ అనడానికి లేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ మాట తోర్గిన్ నోట్లోంచే వచ్చింది, ఆకులు రాలే రోజుల్లో, బంగాళాదుంపలు తవ్వుతూ. అమ్మ మూడోసారో నాలుగోసారో అడిగింది, బగ్దాత్ వాళ్ళకి ఏం చెప్పమంటావే, అని. ఏం చెప్పాలో తెలీక, తెలీదని చెప్పడానికి సిగ్గేసి, తోర్గిన్ మట్టి చూస్తూ అంది, ఆ పేకాట పోటీలో చివరి బల్ల దాకా వెళ్తే ఇంకో ఏడాది నన్నడక్కు, వెళ్ళలేకపోతే నీ ఇష్టం, రమ్మను. అమ్మ నడుం నిటారు చేసి చూసింది. "పేకముక్కల మీద పెళ్ళి పెడతావుటే?" తర్వాత నవ్వింది. తర్వాత ఒప్పుకుంది. ఒప్పుకుని పోటీ ముగిసే రోజుకే వాళ్ళని భోజనానికి పిలిచింది. అదేంటమ్మా అంటే, "ఎటైనా గొర్రె గొర్రేగా. నువ్వు గెలిస్తే అతిథుల్లా తిని వెళ్తారు, ఓడితే వియ్యంకుల్లా తింటారు" అంది. వాళ్ళకి మాత్రం పిల్ల లెక్కల పోటీకి వెళ్ళిందని చెప్పింది. అది మరీ అబద్ధం కాదు. చివరి బల్లకి తొమ్మిది మంది. తోర్గిన్ పదో మనిషి అయింది. ఒక్క మనిషి. ఒక్క చెయ్యి, చేతికొచ్చిన ముక్కల్నీ చెయ్యే అంటారు.

కాదు, మళ్ళీ మొదట్నించి. జాగ్రత్తగా. లెక్క తప్పినప్పుడు చేసినట్టు, ఒక్కో గీతా చూసుకుంటూ. చేతిలో రెండు రాణులు. బల్ల మీద అందరికీ కలిపి పరిచే వాటిలో ఇంకో రాణి పడింది. మూడు రాణులు, ఊపిరి బిగబట్టేంత మంచి చెయ్యి. ఎదురుగా ముసలాయన ఒక్కడే మిగిలాడు. మిర్జాగుల్ తాత అని పిలుస్తున్నారు అందరూ, తెల్ల గడ్డం, ముఖమల్ టోపీ, పక్కన టీ గిన్నె. ప్రతిసారీ ఆయన కొంచెం పెట్టాడు, తనూ పెట్టింది. తన బిళ్ళల్లో మూడింట రెండొంతులు మధ్యలోకి వెళ్ళిపోయాయి. అప్పుడు చివరి ముక్క తిప్పారు. ఆఠీను ఏడు. అప్పటికే బల్ల మీద ఆఠీన్లు రెండున్నాయి. ముసలాయన చేతిలో రెండు ఆఠీన్లుంటే ఐదూ ఒకే రంగు, తన రాణులు చచ్చినట్టే. లేకపోతే తనే. ఆయన టీ గుక్కెడు తాగి, గడ్డం తుడుచుకుని, తన బిళ్ళలన్నీ నెమ్మదిగా ముందుకు తోశాడు, దొడ్లోకి గొర్రెల్ని తోలినట్టు. ఇక తోర్గిన్ వంతు. ఉన్నాననాలి, లేదా లేననాలి.

ఇక్కడిదాకా తప్పేం లేదు. ఇక్కడిదాకా ఎన్నిసార్లు చూసుకున్నా లెక్క సరిగ్గానే ఉంది.

ఇక్కడే ఎముకని ముక్కల మీంచి తీసి పిడికిట్లో పట్టుకుంది. ముసలాయన మొహం చూసింది. చూడకూడదు, అక్కడేం రాసి ఉండదు. ఆయన మెత్తగా నవ్వాడు. "ఆలోచించుకో తల్లీ, తొందరేం లేదు. మా మనవరాలూ ఇంతే, టీలో చక్కెర వేసుకోవాలన్నా అరగంట పడుతుంది." బల్ల చుట్టూ నవ్వారు. ఎడమ పక్కన చెవుల్లో పాట పెట్టుకున్నతను ఒక చెవిది తీసి, "చక్కెర వేసుకునేలోపు టీ చల్లారిపోతోంది చెల్లీ" అన్నాడు. చెవులు కాలిపోయాయి. ముక్కల గురించి ఆలోచించాల్సింది, తన ఎర్రబడ్డ చెవుల గురించి ఆలోచించింది. ఆయన ముందుసారి ఎప్పుడు ఇలా అన్నీ తోశాడు, అప్పుడేం చూపించాడు, ఇవన్నీ తెలుసు తనకి, రెండు గంటలుగా మనసులో రాసుకుంటూనే ఉంది. ఆయన మంచి ముక్కలున్నప్పుడు టీ తాగడు. అవును, తాగడు. టీ తాగింది లేనప్పుడే. అది తెలుసు! తెలిసి కూడా, ఆ బిళ్ళలు ముందుకు తోయడానికి చెయ్యి రాలేదు. తాత వయసు మనిషిని, తల్లీ అన్న మనిషిని, నీ దగ్గరేం లేదు అబద్ధమాడుతున్నావని అందరి ముందూ ఎలా అనడం? బిళ్ళలు తోయడమంటే అదే కదా. ముక్కలు తోసెయ్యడానికీ చెయ్యి రాలేదు. మూడు రాణులు. అలా కూర్చునే ఉంది, గోడ గడియారం శబ్దం చెయ్యనిది, అయినా వినపడుతూనే ఉంది.

"ఎండు చేప ఎవరికైనా కావాలా?" కైరొల్లా కాగితప్పొట్లం వెనక్కి చాచాడు. తోర్గిన్ తల అడ్డంగా ఊపింది. "ఏమ్మా, ఎవరైనా చచ్చారా ఏంటి, ఆ మొహం?" "ఊరుకో తమ్ముడూ" అని కేకావిడ వెనక్కి తిరిగి చూసింది. "పిల్ల ఎక్కడికో భయపడుతూ వెళ్తోంది, తెలీట్లా?" ఆమెకెలా తెలుసు? తోర్గిన్ కిటికీవైపు తిరిగింది. రోడ్డు అర్ఖర్లి కనుమ ఎక్కుతోంది. ఇక్కడ గాలి ఎప్పుడూ ఆగదు. మంచుని నేల మీద పాముల్లా పాకిస్తూ రోడ్డుకి అడ్డంగా లాక్కెళ్తుంది. కారు ఒకపక్కకి ఒరిగినప్పుడల్లా కేకావిడ పెట్టెని రెండు చేతులతో హత్తుకుంటోంది. గడ్డి ఎక్కడా లేదు, గోధుమరంగు రాళ్ళు, పైన ఆకాశం పాలు విరిగిన రంగులో. నాన్నకి ఈ కనుమంటే ఇష్టం. ఇక్కడ ఇంజను మాట్లాడుతుందనేవాడు.

నాన్న తనకి పేకాట నేర్పింది చలికాలం పొద్దున్నే. లారీ ఇంజను గడ్డకట్టి ఉండేది, కింద కుంపటి పెట్టి అది వేడెక్కేదాకా ఇద్దరూ బల్ల దగ్గర. మధ్యలో, వేడెక్కిందేమో చూసొస్తానని లేచేవాడు. లేచేముందు ముక్కలు బోర్లించి వాటి మీద టీ గిన్నె పెట్టేవాడు. "గిన్నె కాపలా ఉంది, జాగ్రత్త, దొంగతనంగా చూస్తే నాకు చెబుతుంది." తను ఎప్పుడూ చూడలేదు. మూడు చలికాలాల కిందట ఒక పొద్దున అలాగే గిన్నె పెట్టి లేచి వెళ్ళాడు. ఇంజను పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. జనం వచ్చారు, గొర్రెల్ని కోశారు, షెరిబెక్ తాత చేతులెత్తాడు, అందరూ ఎత్తారు, తోర్గినూ ఎత్తింది. అంతసేపూ ఆమె కళ్ళు ఆ గిన్నె మీదే. టీ పైన పొర కట్టింది. వచ్చినవాళ్ళకి గిన్నెలు చాలక అమ్మ అది తీసుకెళ్ళి కడిగేసింది. ముక్కల్ని చూడకుండానే కట్టలో కలిపేసింది. అమ్మా, అది నాన్న చెయ్యి అంది తోర్గిన్, ఒక్కసారే, మెల్లగా. అమ్మకి వినపడలేదు. నాన్న దగ్గర ఏమున్నాయో ఇక ఎవరికీ తెలీదు. మిర్జాగుల్ తాత దగ్గర ఏమున్నాయో కూడా. గెలిచినవాడు చూపించక్కర్లేదు.

అదీ, అక్కడికే వస్తోంది మళ్ళీ. తను అలా కొయ్యబారి కూర్చున్నప్పుడు రెండో బల్ల నించి ఒక కుర్రాడు లేచి వచ్చాడు. ఓడిపోయాడు. కోటు భుజాన వేసుకుని ముసలాయన వెనక నిలబడ్డాడు, ఒకే ఊరివాళ్ళేమో. "తాతా, నా పని అయిపోయింది. వెళ్ళొస్తా, దీవించు." ముసలాయన కుర్చీలో తిరిగాడు. "ఓడితే ఓడావులే ఐనలాయిన్. ఆ మొహం ఇంటికి తీసుకెళ్ళకు, మీ అమ్మ హడలిపోతుంది." ఐనలాయిన్ అంటే నీ చుట్టూ తిరిగి నీ పీడ నేను తీసుకుపోతాననడం. తర్వాత చెయ్యెత్తాడు. "దారి తిన్నగా ఉండాలి. ఎక్కిన బండి మధ్యలో ఆగకూడదు. అనుకున్నది ఇవాళ కాకపోతే రేపు చేతికందాలి." ఆ గొంతు. షెరిబెక్ తాత గొంతే, అందరు తాతల గొంతే. ఆ గొంతు వినగానే తోర్గిన్ చేతులు లేచాయి. రెండూ. కుడి అరచేతిలో ఎర్ర ఎముక. ఊలు చొక్కా మోచెయ్యి ముక్కలకి తగిలింది, అవి జారి బల్ల మీది గీత దాటాయి. చేతులు పైన, ముక్కలు కింద, మధ్యలో ఎవరూ లేరు. పంచే పిల్ల కొత్తది. గీత దాటిన ముక్కల్ని చూసింది, తోసేసిందనుకుంది, లాక్కుని పారేసిన ముక్కల్లో కలిపేసింది. ఆమీన్. తోర్గిన్ మొహం తుడుచుకుంది. కళ్ళు తెరిచి చూస్తే తన ముందు ఖాళీ బల్ల.

"నావి" అంది. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అనేలోపు ముసలాయన వైపు బిళ్ళల కుప్ప జరిగిపోయింది. పంచే పిల్లే ఆమె మొహం చూసి భయపడి పోటీ నడిపే పెద్దాయన్ని పిలిచింది. ఆయన వచ్చి, విని, తల పంకించి, "ఎవరి ముక్కలు వాళ్ళే కాచుకోవాలమ్మా, నేనేం చెయ్యలేను" అన్నాడు. చెవుల్లో పాటవాడు, "దేవుడికి దణ్ణం పెట్టేముందు మాకు దణ్ణం పెట్టుంటే చెప్పేవాళ్ళం కదా చెల్లీ" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మిగిలిన పిడికెడు బిళ్ళలూ ఎలా పోయాయో గుర్తు కూడా లేదు. లేచి నిలబడితే మిర్జాగుల్ తాత తనకీ బాతా ఇచ్చాడు. తను మళ్ళీ చేతులు పట్టింది! నా ముక్కలు పోగొట్టిన మనిషి ముందే, బుద్ధిగా, దోసిలి పట్టి.

మోసమా? ముసలాయన కావాలనే చేశాడా? ఈ ప్రశ్న మీదే కాసినో ఉన్న కొనాయెవ్‌లో, బస్టాండులో అరగంట నిలబడింది, కారెక్కింది, నది దాటింది. మోసమైతే బాగుండును. మోసమైతే ఊపిరాడుతుంది. కానీ ఆ కుర్రాడు నిజంగానే ఓడాడు, నిజంగానే వచ్చాడు, ముసలాయన కళ్ళలో తడి నిజమే. మోసం కాదు. మరి? ఆ క్షణంలోకి ఇంకొంచెం లోపలికి వెళ్ళాలి. చేతులు లేచాయి, అప్పుడు లోపల ఏమైంది? భక్తా? కాదు. మర్యాదా? అదీ కాదు. హాయి. ఒక్కసారిగా, మంచు విరిగిపడ్డట్టు, హాయి. ఉన్నాననక్కర్లేదు, లేననక్కర్లేదు. ఇప్పుడు బాతా వేళ, ఎవరూ నన్నేం అడగరు. ముక్కలు మోచేతికి తగలడం తెలిసింది. ఇది చెప్పుకోవడానికి బావుండదు, కానీ తెలిసింది. జారుతున్న చప్పుడు కూడా తెలిసింది, చాలా చిన్న చప్పుడు, కాగితం మీద చెయ్యి జరిపినట్టు. కళ్ళు మూసుకునే ఉంది. తీసుకెళ్ళనీ, అనుకుంది. అనుకుందా? అనుకుంది.

తోర్గిన్ కిటికీ పిడి అందుకుంది. అద్దం కొంచెం దించింది. గాలి ఈలవేస్తూ లోపలికొచ్చింది. "అయ్యో నా క్రీము పూలు గడ్డకట్టిపోతాయమ్మాయ్" అంది కేకావిడ. తోర్గిన్ మళ్ళీ అద్దం ఎత్తేసింది. దుంపల మళ్ళో మాట్లాడిన మాట కూడా అదే. అది పందెం కాదు. పందెమంటే ముక్కలు చూసుకుని పెట్టేది. ఉన్నానో లేనో చెప్పలేక, ఎవరో వచ్చి లాక్కెళ్ళేలా గీత దాటించి వదిలేయడం అది. పేకముక్కలు చెబుతాయిలే, అమ్మ చెబుతుందిలే, తాత చేతులెత్తితే అదే తేలిపోతుందిలే. బగ్దాత్ మంచివాడే. పోయిన వసంతంలో గొర్రెలకి సూదులు వేయడానికి వచ్చినప్పుడు, చేతులు కడుక్కోవడానికి తనే నీళ్ళు పోసింది. అతను కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడిగాడు, చెవులు ఎర్రగా. ఏదో చెప్పబోయి "మీ నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయి" అన్నాడు. నవ్వొచ్చింది అప్పుడు. ఇష్టం లేదని కాదు. ఉందనీ కాదు. అది తను తిప్పి చూడని ముక్క. చూడకుండానే కట్టలో కలిపేస్తారు ఇవాళ, నాన్న ముక్కల్లాగే.

కనుమ దిగారు. ఎడంపక్క సమాధులు కనిపించాయి, మట్టి గోడలు, ఇనప నెలవంకలు, కొన్నిటికి ఇటుక గుమ్మటాలు. ఊరి సమాధులు. నాన్న చివరి వరసలో. కేకావిడ పెట్టె మీంచి చేతులు తీయకుండా పెదవులు కదిలించింది. కైరొల్లా మాటాపి, కారు నెమ్మది చేసి, కుడి అరచెయ్యి పైకెత్తి మొహం మీంచి గడ్డం దాకా తుడుచుకున్నాడు. ఎడమ చెయ్యి స్టీరింగు మీదే ఉంది. గాలి కారుని తోస్తూనే ఉంది, ఆ చెయ్యి దాన్ని తిన్నగా పట్టుకునే ఉంది.

తోర్గిన్ చేతులు సగం లేచి ఆగాయి.

ఒక్క చెయ్యి. ముసలాయన తనకి దీవెన ఇచ్చినప్పుడు రెండు చేతులూ ఎత్తాడు, అప్పుడు ఆయన ముందు ముక్కల్లేవు. ఆ కుర్రాడికి ఇచ్చినప్పుడో? కుర్చీలో తిరిగాడు. భుజం ఇటు, మొహం అటు. కుడి చెయ్యి పైన. ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి ఎక్కడ? ఉంది, కనిపిస్తోంది, వెండి ఉంగరం, నీలం నరాలు, బల్ల మీద, రెండు ముక్కల మీద బోర్లించి, గొర్రెపిల్లని పట్టుకున్నంత మెత్తగా, వదలకుండా. కంటిముందే ఉంది అది, అప్పుడు కూడా. చెవుల్లో పాటవాడూ ఒక చెయ్యే ఎత్తాడు. దీవెనకేం తక్కువ కాలేదు. ఎవరికీ కోపం రాలేదు. రెండు చేతులూ ఎత్తమని ఎవరూ అడగలేదు తనని. ఈ ప్రపంచంలో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదేమో. తనే ఇచ్చేస్తూ వచ్చింది. ఇది తెలిస్తే సంతోషం కలగాలి. కలగలేదు. ఊరి మొదట్లో నీళ్ళ గొట్టం చుట్టూ మంచు, మూలన కుక్క, తమ ఇంటి ముందు రెండు పరాయి కార్లు. నేరం మోపడానికి ఇక ఎవరూ లేకుండా పోయారు, అంతే.

"వెళ్ళిరా అమ్మాయ్, తలుపు..." "వేస్తాను" అంది తోర్గిన్. కైరొల్లా "ఆఁ?" అన్నాడు. ఆమె తలుపు వేసింది.

లోపల ఆవిరి, మాంసం వాసన, బూట్ల కుప్ప. అమ్మ గుమ్మంలోనే పట్టుకుని జుట్టు సవరించింది, చెంప మీద చల్లటి పెదవులతో ముద్దుపెట్టింది. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఉల్లిపాయలో మరొకటో. "చివరి బల్ల?" అని కళ్ళతోనే అడిగింది. తోర్గిన్ తలూపింది, కాదని. "పోన్లే" అంది అమ్మ, "పోన్లే తల్లీ", ఆ పోన్లేలో ఎంత ఊరటో. పరిచిన గుడ్డ చుట్టూ అందరూ. బగ్దాత్ కిటికీ దగ్గర, కొత్త చొక్కా మెడ బిగుతుగా, చెవులు అప్పుడే ఎర్రగా. వాళ్ళమ్మ మోకాలి పక్కన చిన్న నీలం దిద్దుల డబ్బా. మధ్యలో మూత పెట్టిన పళ్ళెం, కొవ్వు ఆవిరి మూత అంచుల్లోంచి. "లెక్కల పోటీ ఎలా జరిగిందమ్మా?" అంది వాళ్ళమ్మ. "ఒకచోట తప్పు చేశాను" అంది తోర్గిన్. "దానికేముంది, రండి, కూర్చోండి, పిల్ల వచ్చేసింది" అన్నాడు షెరిబెక్ తాత, తొంభై ఏళ్ళ గొంతుతో. ఆమె అమ్మ పక్కన కూర్చుంది. అసిక్‌ని గుడ్డ మీద తన ముందు పెట్టింది. దాని మీద ఎడమ చెయ్యి పెట్టింది. గొంతు సవరించుకుంటూ తాత రెండు అరచేతులూ ఎత్తాడు. చుట్టూ చేతులు లేచాయి, బగ్దాత్‌వి, వాళ్ళమ్మవి, పెదనాన్నలవి, పిండి అంటిన అమ్మ చేతులు. తోర్గిన్ చేతులు కూడా కదిలాయి. ఎప్పట్లాగే, చెప్పకుండానే. కుడి చెయ్యి లేచింది. ఎడమ చెయ్యి లేవబోయింది. ఆమె దాన్ని ఎముక మీదే అదిమిపట్టింది. గాలిలో కైరొల్లా స్టీరింగుని పట్టుకున్నట్టు.

"తాతా, ఆగండి. నేనింకా ఆలోచించుకోలేదు" అంది.

ఎవరికీ వినపడలేదు. తాత కళ్ళు మూసుకుని మొదటి మాట కోసం ఊపిరి తీసుకుంటున్నాడు. అమ్మ మాత్రం పెదవుల కదలిక చూసింది. చూసి, చేతులు గాల్లోనే ఉంచి, వద్దన్నట్టు చూసింది. నాన్న పోయిన రోజు గిన్నె పట్టుకుని వెళ్తూ ఉన్న మొహమే అది, అలిసిపోయిన మొహం. ఆ మొహం చూస్తే తోర్గిన్‌కి ఏడుపొచ్చింది.

ఏడుపుతోనే, రెండోసారి చెప్పింది.